సమీప పరారుణంలో గెలాక్సీల వయసు: ప్రాజెక్టు డైరీ

లక్ష్యం: రెండు గెలాక్సీల నడిబొడ్డు నుంచి వచ్చిన 0.85–2.5 మైక్రాన్ల స్పెక్ట్రం (వేవ్‌లెంగ్త్‌లవారీగా విడదీసిన కాంతి) తీసుకుని, అందులో నక్షత్రాల వయసు గురించి నిజంగా ఎంత సమాచారం ఉందో తేల్చడం. ఒకటి ఎం105, అంటే ఎన్‌జీసీ 3379. సింహరాశిలోని ఎలిప్టికల్ (కోడిగుడ్డు ఆకారపు) గెలాక్సీ, ముసలి నక్షత్రాల గుట్ట. రెండోది ఎన్‌జీసీ 3032. ధూళి, వాయువు ఇంకా మిగిలి ఉన్న లెంటిక్యులర్ (కటకం ఆకారపు) గెలాక్సీ. దాని కేంద్రంలో కుర్ర నక్షత్రాలున్నాయని ఆప్టికల్ సర్వేలు ఎప్పుడో చూపించాయి. రెండింటి వయసూ ఆప్టికల్‌లో తెలిసిందే కాబట్టి పరారుణం చెప్పే జవాబును దాని పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. తెలియని గెలాక్సీతో మొదలుపెడితే వచ్చిన అంకె తప్పో ఒప్పో చెప్పే దారి ఉండదు.

పరారుణం ఎందుకంటే, కె బ్యాండ్‌లో (2.2 మైక్రాన్ల చుట్టూ) ధూళి మింగేసే కాంతి, కంటికి కనిపించే వి బ్యాండ్‌తో పోలిస్తే, మ్యాగ్నిట్యూడ్ (ప్రకాశమానం) లెక్కన, పదో వంతు. పైగా అక్కడ వెలిగేది చల్లని పెద్ద నక్షత్రాలు. వాటి జాతి వయసుతో మారుతుంది. కోటి ఏళ్ల దగ్గర రెడ్ సూపర్‌జెయింట్లు, సుమారు 50–200 కోట్ల ఏళ్ల మధ్య ఏజీబీ (జీవితం చివరి దశలో ఉబ్బిన) నక్షత్రాలు, ఆ తర్వాత రెడ్ జెయింట్లు. కాగితం మీద ఇది గడియారంలాగే కనిపిస్తుంది. చిక్కంతా ఏమిటంటే, ఆ గడియారం ముల్లు తిరిగే చోట్లే మన గాలి అడ్డం పడుతుంది.

డేటా: ఏమేం దించుకోవాలి

హవాయిలోని మౌనా కియా మీద 8.1 మీటర్ల జెమిని నార్త్ టెలిస్కోపు ఉంది. దాని జీఎన్ఐఆర్ఎస్ పరికరం (సమీప పరారుణ స్పెక్ట్రోగ్రాఫ్) క్రాస్ డిస్పర్షన్ మోడ్‌లో, అంటే స్పెక్ట్రాన్ని ఆర్డర్లనే ముక్కలుగా పక్కపక్కన పేర్చి, మొత్తం 0.85–2.5 మైక్రాన్లను ఒకే ఎక్స్‌పోజర్‌లో ఇస్తుంది. మిల్లీమీటరుకు 32 గీతల గ్రేటింగ్, చిన్న కెమెరా, 0.3 ఆర్క్‌సెకన్ల స్లిట్ పెడితే రిజల్యూషన్ (వేవ్‌లెంగ్త్‌ను విడదీయగల అతి చిన్న తేడాతో భాగించిన విలువ) 1,700 దాకా వస్తుంది. పరిశీలించినవాళ్ల ప్రత్యేక హక్కు గడువు తీరిన డేటా ఆర్కైవ్‌లో అందరికీ ఉచితం.

గెలాక్సీ ఫ్రేములు దించుకుని ఊరుకుంటే పని ముందుకు సాగదు. వాటితోపాటు ఆకాశం ఫ్రేములు, అదే రాత్రి తీసిన ఏ0వీ నక్షత్రం (గాలి ప్రభావం కొలవడానికి వాడే వేడి తెల్ల నక్షత్రం), వేవ్‌లెంగ్త్ కొలతకు ఆర్గాన్ ఆర్క్ దీపం, పిన్‌హోల్ ఫ్రేము, పిక్సెళ్ల స్పందన సరిచేసే ఫ్లాట్‌లు రెండు రకాలవి కావాలి. ఫ్లాట్‌లు రెండు రకాలెందుకంటే కె బ్యాండ్ ఉన్న మూడో ఆర్డర్‌కు పరారుణ దీపం సరిపోతుంది, మిగతా ఆర్డర్లకు క్వార్ట్జ్ హాలోజన్ దీపం కావాలి. ఒక్క దీపంతోనే అన్ని ఆర్డర్లూ లాగిస్తే ఎక్కడో ఒకచోట కాంతి చాలక ఫ్లాట్ నాయిస్ నేరుగా స్పెక్ట్రంలోకి వచ్చి పడుతుంది. పిన్‌హోల్ ఫ్రేము ఆర్డర్ల వంపును కొలవడానికి. అది లేకపోతే స్లిట్ పొడవునా ఏ పిక్సెల్ ఎక్కడిదో సరిగా తెలియదు.

స్లిట్ పొడవు 7 ఆర్క్‌సెకన్లే. ఎం105 దాన్ని నిండా ఆక్రమిస్తుంది. నక్షత్రాలకు చేసినట్టు స్లిట్ లోపలే ఎ-బి-బి-ఎ అని అటూ ఇటూ జరిపి, ఒక ఫ్రేములోంచి మరోదాన్ని తీసేస్తే గెలాక్సీలోంచి గెలాక్సీనే తీసేసినట్టు. అందుకే టెలిస్కోపును దూరంగా జరిపి తీసిన ఆకాశం ఫ్రేములు ఉన్న డేటానే ఎంచుకోవాలి. ఆ జరిపిన చోట కూడా గెలాక్సీ అంచు కాంతి కొంత ఉంటుంది. కేంద్రం చాలా ప్రకాశవంతం కాబట్టి ఇక్కడ నష్టం తక్కువ. బయటి భాగాల వయసు కావాలనుకుంటే మాత్రం ఈ డేటా పనికిరాదు.

గెలాక్సీకీ ఆకాశానికీ మధ్య సమయం ఎంత తక్కువైతే అంత మంచిది. హెచ్ బ్యాండ్‌లో (1.6 మైక్రాన్ల చుట్టూ) ఓహెచ్ గీతలు, అంటే పై వాతావరణం సొంతంగా వెలువరించే కాంతి గీతలు, నిమిషాల్లో మారతాయి, ఒక్కో సమూహం ఒక్కో తీరుగా. ఆకాశం ఫ్రేముకు ఒకే గుణకం పెట్టి సర్దితే ఒక గీత మాయమై పక్కది మొలుస్తుంది.

రిడక్షన్ (ముడి ఫ్రేములను శుభ్రం చేయడం): చారలు, చుక్కలు

జీఎన్ఐఆర్ఎస్ ఫ్రేముల్లో రెండు జబ్బులు కనిపిస్తాయి. ఒకటి నిలువు చారలు. డిటెక్టర్ ఎలక్ట్రానిక్స్ నుంచి వచ్చే పునరావృత నమూనా. గెలాక్సీ కాంతి లేని పిక్సెళ్లతో ఆ నమూనాను అంచనా వేసి తీసేయవచ్చు. రెండోది చుక్కలు. చిన్న కెమెరా లెన్స్ పూతలోని రేడియోధార్మికత వల్ల డిటెక్టర్ మీద పడే మచ్చలివి. కాస్మిక్ కిరణం గుర్తులా సన్నగా కాకుండా కొన్ని పిక్సెళ్ల మేర పరుచుకుంటాయి. మామూలు కాస్మిక్ కిరణాల ప్రోగ్రాం నడిమధ్య పిక్సెల్‌ను పట్టుకుని చుట్టూ ఉన్న మరకను వదిలేస్తుంది. ఒకే చోట తీసిన ఫ్రేముల మీడియన్‌తో పోల్చి, తేడా ఉన్న పిక్సెల్‌కు చుట్టూ ఒక వరస అదనంగా మాస్క్ చేస్తే దాదాపు పోతాయి. ఫ్రేములు తక్కువగా ఉంటే మీడియన్ కూడా మోసం చేస్తుంది, అప్పుడు కంటితో చూడటమే.

పైప్ఇట్ అనే పైథాన్ ప్యాకేజీకి ఈ పరికరం తెలుసు. వేవ్‌లెంగ్త్ క్రమాంకనం ఒక్కటీ చేత్తో సరిచూసుకోవాలి. కె బ్యాండ్‌లో ఆర్గాన్ గీతలు పలచగా ఉంటాయి కాబట్టి పాలినామియల్ డిగ్రీ ఎక్కువ పెడితే గీతల మధ్య ఖాళీల్లో అది ఊగుతుంది. ఓహెచ్ గీతలతో మళ్లీ సరిపోల్చాకే ముందుకు వెళ్లాలి.

టెల్యూరిక్ సవరణ (భూమి గాలి ముద్రను తీసేయడం): అసలు పని ఇదే

వాతావరణంలోని నీటి ఆవిరి 1.35–1.42, 1.8–1.95 మైక్రాన్ల దగ్గర స్పెక్ట్రాన్ని దాదాపు చంపేస్తుంది. 2.0–2.07 మధ్య కార్బన్ డయాక్సైడ్, 1.27 దగ్గర ఆక్సిజన్. ఇవి పైకి కనిపించేవి, వాటిని మాస్క్ చేస్తే సరిపోతుంది. 1.11–1.16 మధ్య ఉండే మధ్యరకం నీటి పట్టీ వీటికన్నా ప్రమాదకరం. అక్కడ కాంతి మిగిలే ఉంటుంది కాబట్టి సవరణ బాగానే వచ్చినట్టు కనిపిస్తుంది. ఏజీబీ నక్షత్రాల్లో బలంగా ఉండాల్సిన సీఎన్ (కార్బన్-నైట్రోజన్ అణువు) పట్టీ 1.09 దగ్గర మొదలై సరిగ్గా అందులోకే జారుతుంది. పట్టీ గట్టు శుభ్రమైన చోట, అడుగు నీటిలో. సవరణ 3 శాతం తక్కువైతే సీఎన్ బలంగా ఉన్నట్టు, ఎక్కువైతే అసలు లేనట్టు. దాని మీద ఆధారపడే వయసు 100 కోట్ల ఏళ్లా 500 కోట్ల ఏళ్లా అన్నది మౌనా కియా మీద ఆ రాత్రి తేమ నిర్ణయించినట్టవుతుంది.

పద్ధతి మామూలుదే: ఏ0వీ నక్షత్రాన్ని గెలాక్సీకి దగ్గరి ఎయిర్‌మాస్‌లో (కాంతి దాటే గాలి మందంలో) తీసి, వేగా నక్షత్రం మోడల్‌తో నక్షత్రం సొంత హైడ్రోజన్ గీతలు తీసేసి, మిగిలిన గాలి ముద్రతో గెలాక్సీని భాగించడం. ఎయిర్‌మాస్ తేడా 0.1 దాటని జోడీలనే ఉంచుతున్నాం. ఇందులో పట్టు తప్పే చోట్లు నాలుగు కనిపించాయి.

హైడ్రోజన్ గీతలు: నక్షత్రం తిరిగే వేగం వేగా మోడల్‌కు సరిపోకపోతే గీత వెడల్పు కలవదు. 2.166లోని బ్రాకెట్ గామా ఒంటరిగా ఉంటుంది కాబట్టి ముందు దాని మీద వెడల్పు, లోతు కుదిర్చి, అవే విలువలతో హెచ్ బ్యాండ్‌కు వెళ్లాలి. అక్కడ బ్రాకెట్ వరస 1.611, 1.641, 1.681, 1.737 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. 1.611 దగ్గర మిగిలిపోయిన బుడిపె 1.62 సీఓ (కార్బన్ మోనాక్సైడ్) పట్టీకి ఎడమ పక్క కంటిన్యువంలో (గీతలు లేని నున్నటి భాగంలో) కూర్చుంటుంది. దాంతో సీఓ ఉన్నదానికన్నా లోతుగా కొలతకు వస్తుంది. పట్టుకోవడం సులువు: రెడ్ షిఫ్ట్ (దూరంగా పోయే వేగం వల్ల వేవ్‌లెంగ్త్ జరుగుడు) వేరైన రెండు గెలాక్సీల్లోనూ బుడిపె ఒకే పరిశీలిత వేవ్‌లెంగ్త్‌లో ఉంటే అది గెలాక్సీది కాదు.

వేవ్‌లెంగ్త్ జరుగుడు: పరికరం వంపు వల్ల నక్షత్రానికీ గెలాక్సీకీ మధ్య పిక్సెల్‌లో పదో వంతు తేడా వచ్చినా ప్రతి గాలి గీత దగ్గరా ఒక పక్క శిఖరం, మరో పక్క లోయ మిగులుతుంది. 2.0 దగ్గరి కార్బన్ డయాక్సైడ్ పళ్ల మీద క్రాస్ కోరిలేషన్ చేసి జరిపితే పోతుంది. ఒక్కో ఆర్డర్‌కు విడిగా చేయాలి.

స్లిట్ నింపే తీరు: గెలాక్సీ స్లిట్‌ను సమంగా నింపుతుంది. సీయింగ్ బాగున్న (గాలి నిలకడగా ఉన్న) రాత్రి నక్షత్రం నింపదు, మధ్యలో కుదురుకుంటుంది. ఫలితంగా నక్షత్రం స్పెక్ట్రం కొంచెం పదునుగా వస్తుంది. రిజల్యూషన్ కలవని రెండిటిని భాగిస్తే పైన చెప్పిన శిఖరం-లోయ బదులు రెండు పక్కలా కొమ్ములున్న మచ్చ మిగులుతుంది. నక్షత్రాన్ని కొద్దిగా మసకబార్చి సరిపెట్టాలి. విచిత్రమేమిటంటే మంచి సీయింగ్ రాత్రుల్లోనే ఈ బాధ ఎక్కువ.

నాలుగోది నీటి ఆవిరి మొత్తం మారడం. గాలి ముద్రను ఒక ఘాతానికి ఎత్తి, 1.11–1.16లో గెలాక్సీ చదునుగా వచ్చే ఘాతం వెతకడం అందరూ చేసే పని. ఇక్కడ అది నిషేధం. గెలాక్సీలో నిజంగా ఉన్న సీఎన్‌ను కూడా అది చదును చేసేస్తుంది. ఘాతాన్ని 1.8–1.95 అంచుల్లో కొలిచి ఇక్కడికి తెచ్చుకోవాలి.

సవరణ ఎంత నమ్మదగ్గదో కొలవడానికి ఒకే రాత్రి తీసిన రెండు ఏ0వీ నక్షత్రాలను ఒకదానితో ఒకటి సవరించి చూడాలి. మిగిలిన గీతలే మన అసలు ఎర్రర్ బార్. ఫోటాన్ నాయిస్ ఎంత తక్కువని పైప్‌లైన్ చెప్పినా దీనికన్నా కిందికి పోదు. పక్కపక్క పిక్సెళ్లలో ఇది కలిసి మారుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్లు పెంచినా తగ్గదు.

టెంప్లేట్లు: గాలా, శూన్యమా

వయసు తెలిసిన నక్షత్ర జనాభాల మోడల్ స్పెక్ట్రాలుగా, అంటే టెంప్లేట్లుగా, ఈ-మైల్స్ అనే సెట్ తీసుకున్నాం. ఇది 1,680 నుంచి 50,000 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా పోతుంది. పరారుణ భాగం ఐఆర్‌టీఎఫ్ టెలిస్కోపుతో తీసిన నక్షత్రాల లైబ్రరీ మీద కట్టినది. అక్కడ దాని రిజల్యూషన్ సిగ్మాలో 60 కి.మీ./సె. మన డేటా 1,700 రిజల్యూషన్ అంటే గీత సగం ఎత్తు దగ్గరి వెడల్పు (ఫుల్ విడ్త్) 176, సిగ్మా 75 కి.మీ./సె. వర్గాల తేడా వర్గమూలం తీస్తే 45. టెంప్లేట్లను అంత మసకబారిస్తే రెండూ కలుస్తాయి. ఇది సగటు లెక్క. ఆర్క్ గీతల వెడల్పు ఆర్డర్‌ను బట్టి మారుతుంది, ఆర్డర్‌వారీ విలువే వాడాలి.

మైల్స్ కుటుంబం వేవ్‌లెంగ్త్‌లు గాలిలోవి. పైప్‌లైన్ ఇచ్చేవి తరచు శూన్యంలోవి. తేడా పదివేలలో 2.73 వంతు, వేగంలో 82 కి.మీ./సె. 2.29 మైక్రాన్ల దగ్గర ఇది 6 ఆంగ్‌స్ట్రామ్‌లకు పైమాటే. ఫిట్‌లో వేగాన్ని వదిలేస్తాం కాబట్టి ప్రోగ్రాం గుట్టుగా సర్దేసుకుంటుంది, ఎక్కడా హెచ్చరిక రాదు. ప్రచురిత రెడ్ షిఫ్ట్‌కూ ఫిట్ వేగానికీ మధ్య 80 చుట్టూ తేడా కనబడితే ముందు అనుమానించాల్సింది ఇదే. ఎమిషన్ గీతల జాబితా గాలిలో, టెంప్లేట్ శూన్యంలో ఉంటే మాత్రం సర్దుకోదు, మాస్కులన్నీ పక్కకు పడతాయి.

పరారుణంలో ఈ మోడల్స్‌ను 100 కోట్ల ఏళ్లు దాటిన వయసులకే నమ్మాలని వాటిని కట్టినవాళ్లే చెప్పారు. లైబ్రరీలో తగినన్ని ఏజీబీ నక్షత్రాలు లేవు. అంటే ఎన్‌జీసీ 3032 ఈ గ్రిడ్ అంచు మీద ఉంది. ఫిట్ గ్రిడ్ అంచుకు అతుక్కుంటే అది వయసు కాదు, గోడ. ఆ గెలాక్సీకి ఎక్స్‌షూటర్ అనే స్పెక్ట్రోగ్రాఫ్‌తో తీసిన నక్షత్రాల లైబ్రరీ మీద కట్టిన మోడల్స్‌ను కూడా పెడుతున్నాం. ఆ లైబ్రరీలో 683 నక్షత్రాలున్నాయి, రిజల్యూషన్ సుమారు 10,000.

మోడల్స్ మధ్య గొడవ పాతదే. 2005లో మరాస్టన్ మోడల్స్ 20 నుంచి 200 కోట్ల ఏళ్ల మధ్య బలమైన ఏజీబీ ముద్రలు ఉండాలన్నాయి. 2013లో జిబెట్టి బృందం స్టార్‌బర్స్ట్ (నక్షత్రాల పుట్టుక వెల్లువ) ముగిసిన గెలాక్సీల్లో వెతికితే అంత బలంగా దొరకలేదు. 2018లో బాల్డ్విన్ బృందం ఎన్‌జీసీ 3032తో సహా 12 దగ్గరి గెలాక్సీలను జీఎన్ఐఆర్ఎస్‌తోనే చూసి, తేడాలకు ముఖ్య కారణం మోడల్ వెనకున్న నక్షత్రాల లైబ్రరీయే అని తేల్చింది. 2025లో జేమ్స్ వెబ్ డేటాతో దూరపు గెలాక్సీల్లో ఏజీబీ ముద్రలు బలంగా కనిపించాయన్న ఫలితం వచ్చింది. అక్కడ గాలి లేదు, టెల్యూరిక్ లేదు. కొంచెం అసూయగానే ఉంటుంది.

నకిలీ గెలాక్సీలతో పరీక్ష

అసలు డేటాను ఫిట్ చేసే ముందు జవాబు తెలిసిన స్పెక్ట్రాలు తయారుచేశాం. ఈ-మైల్స్‌లో 100, 200, 500, 1000 కోట్ల ఏళ్ల జనాభాలు, ఒక మిశ్రమం: బరువులో 90 శాతం 1000 కోట్ల ఏళ్లది, 10 శాతం 100 కోట్ల ఏళ్లది. పిక్సెల్‌కు 100 సిగ్నల్-నాయిస్, ఆపైన రెండు ఏ0వీల పరీక్షలో మిగిలిన గీతలను అలాగే తెచ్చి గుణించాం. కేవలం గాసియన్ నాయిస్ కలిపితే పరీక్ష ఎప్పుడూ నెగ్గుతుంది, దానివల్ల తెలిసేదేమీ ఉండదు.

ఫిట్ పీపీఎక్స్ఎఫ్‌తో, అంటే టెంప్లేట్లను కలిపి స్పెక్ట్రానికి సరిపెట్టే ప్రోగ్రాంతో. ముందు అడిటివ్ (కూడే) పాలినామియల్స్‌తో వేగం, సిగ్మా తెచ్చుకుని స్థిరపరచాలి. జనాభా ఫిట్‌లో అడిటివ్ సున్నా, మల్టిప్లికేటివ్ (గుణించేవి) మాత్రమే; అడిటివ్ ఉంటే గీతల లోతునే మార్చేస్తుంది. నాయిస్‌ను రెడ్యూస్డ్ కై-స్క్వేర్ (మోడల్‌కూ డేటాకూ ఉన్న తేడా కొలత) 1 అయ్యేలా సవరించి, తర్వాత రెగ్యులరైజేషన్‌ను (జవాబును నునుపు చేసే గుణకాన్ని) కై-స్క్వేర్ పెరుగుదల రెండింతల పిక్సెళ్ల సంఖ్య వర్గమూలానికి చేరేదాకా పెంచాలి. ఒక్కో టెంప్లేట్‌ను దాని సొంత మీడియన్‌తో నార్మలైజ్ చేస్తే వచ్చే బరువులు కాంతి వాటాలు, చేయకపోతే ద్రవ్యరాశి వాటాలు. ఈ ముక్క రాసుకోకుండా అంకెలు పోల్చితే మిశ్రమం 10 శాతమా ఇంకేదో అన్నది ఎప్పటికీ తెగదు.

పాలినామియల్ డిగ్రీ దగ్గర అసలు బేరం ఉంది. 1.0–1.34 కిటికీలో డిగ్రీ 10 పెడితే అది 0.034 మైక్రాన్ల మేర వంగగలదు. సీఎన్ పట్టీ వెడల్పు దాదాపు అంతే. పాలినామియల్ దాన్ని మింగేసి ఫిట్ అందంగా వస్తుంది, వయసు సమాచారం పోతుంది. డిగ్రీ 2కు దింపితే సీఎన్ బతుకుతుంది, కానీ ఆర్డర్ల అతుకులు, ఫ్లక్స్ క్రమాంకనం లోపాలు కూడా బతుకుతాయి. మధ్యేమార్గం లేదు. రెండు డిగ్రీలతోనూ నడిపి, జవాబు మారితే ఆ మార్పునే అనిశ్చితిగా రాస్తున్నాం.

పరీక్షలో తేలింది: హెచ్, కె బ్యాండ్ల గీతలు మాత్రమే ఇస్తే 500, 1000 కోట్ల ఏళ్ల జనాభాలను ప్రోగ్రాం విడదీయలేదు. సుమారు 300 కోట్ల ఏళ్లు దాటాక కై-స్క్వేర్ చదునైపోతుంది, లోహపాళ్లు (హీలియం కన్నా బరువైన మూలకాల వాటా) కొద్దిగా మార్చితే ఏ వయసైనా సరిపోతుంది. 100, 500 కోట్ల ఏళ్ల తేడా మాత్రం కనబడుతుంది, జె బ్యాండ్ (1.25 మైక్రాన్ల చుట్టూ) శుభ్రంగా ఉంటే. మిశ్రమంలో కుర్ర జనాభా ఉందని చెబుతుంది గానీ, దాని వాటా డిగ్రీతో పాటు ఊగుతుంది. ఆప్టికల్ భాగం కూడా కలిపి ఫిట్ చేస్తే ఊగడం తగ్గుతుంది. వి బ్యాండ్‌లో కుర్ర నక్షత్రాల వాటా కె బ్యాండ్‌లో కన్నా ఎక్కువ.

అసలు గెలాక్సీలు: ప్రస్తుత స్థితి

ఎం105లో 2.2935 దగ్గర మొదలయ్యే సీఓ పట్టీ, 2.207 చుట్టూ సోడియం జోడీ రెండూ మోడల్ కన్నా లోతు. ఇది మన సవరణ లోపం కాదు. భారీ ఎలిప్టికల్స్‌లో సీఓ ఏ మోడల్‌కూ అందడం లేదని 2022లో ఎఫ్తెఖారి బృందం కూడా చూపింది. వయసు కొలిచేవాళ్లకు ఇందులో ఉచ్చు ఉంది: లోతైన సీఓను అందుకోవడానికి ప్రోగ్రాం 100–200 కోట్ల ఏళ్ల టెంప్లేట్లకు కొంత వాటా ఇచ్చేస్తుంది. లేని కుర్ర జనాభా పుడుతుంది. సీఓ, సోడియం రెండింటినీ మాస్క్ చేసి మళ్లీ నడిపినప్పుడు ఆ వాటా నిలబడకపోతే దాన్ని నమ్మకూడదు. ఎం105లో నిలబడలేదు.

ఎన్‌జీసీ 3032కు ఇంకా అంకె రాయడం లేదు. దాని సీఎన్ గట్టు కనిపిస్తోంది, కానీ రెండు టెల్యూరిక్ నక్షత్రాలతో విడివిడిగా సవరిస్తే లోతు కలవడం లేదు. పైగా ధూళి వల్ల జె బ్యాండ్ వాలు మారుతుంది, డిగ్రీ 2 పాలినామియల్ ఆ వాలునే సర్దుతూ ఉంటుంది. బ్రాకెట్ గామా ఎమిషన్ ఉంటే కోటి ఏళ్ల లోపు నక్షత్రాల వాటాకు పైహద్దు పెట్టుకోవచ్చు, దాని కొలత పక్కన నడుస్తోంది.

మన దేశంలో ఈ పని చేయాలనుకునేవాళ్లకు నైనిటాల్ దగ్గర దేవస్థల్ 3.6 మీటర్ల టెలిస్కోపు మీద టాన్‌స్పెక్ అనే స్పెక్ట్రోగ్రాఫ్ ఉంది. 0.55 నుంచి 2.5 మైక్రాన్ల దాకా ఒకేసారి తీస్తుంది, రిజల్యూషన్ 2,750 వరకు. ఆప్టికల్ ఎరుపు భాగం, పరారుణం ఒకే స్లిట్‌లో రావడం పైన చెప్పిన కలిపి ఫిట్ చేసే పద్ధతికి చక్కగా అమరుతుంది. ఎత్తు సుమారు 2,400 మీటర్లు, మౌనా కియా 4,200. నీటి ఆవిరి ఎక్కువ కాబట్టి 1.11–1.16 పట్టీ అక్కడ ఇంకా మొండిది. ప్రపోజల్ రాసేటప్పుడు ప్రతి గెలాక్సీకీ ముందొకటి, వెనకొకటి ఏ0వీ నక్షత్రాలకు సమయం అడగాలి. ఆ సమయాన్ని వృథా ఖర్చు కింద లెక్కేసి కోసేస్తే సీఎన్ గురించి చెప్పడానికి ఏమీ మిగలదు.

పెండింగ్: ఎన్‌జీసీ 3032ను మోలెక్‌ఫిట్‌తో, అంటే నక్షత్రం లేకుండా గాలి మోడల్‌తోనే సవరించి చూడటం, ఎక్స్‌షూటర్ మోడల్స్‌తో అదే ఫిట్, ఆరో ఆర్డర్, ఐదో ఆర్డర్ కలిసే 1.15–1.25 భాగంలో ఫ్లక్స్ తేడా కొలవడం. మూడోది ముందు చేయాలి, ఆ అతుకు కదిలితే మిగతా రెండూ మళ్లీ చేయాల్సిందే.